హైవేపై స్పోర్ట్స్ కారుతో మంచి మైలేజీ సాధించడం ఎలా?

స్పోర్ట్స్ కారు కొనుక్కున్నవారు మైలేజీ గురించి ఆలోచించకూడదన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాటతో నేను ఏకీభవించను. ఒక ట్యాంకు పెట్రోలుతో మరో వంద కిలోమీటర్లు ఎక్కువగా వెళ్లగలిగితే దూర ప్రయాణాల్లో బంకు కోసం వెతుక్కునే అవసరం తగ్గుతుంది, ఇంజిన్ మీదా టైర్ల మీదా భారం తగ్గుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా మీ కారు ఎలా పనిచేస్తుందో మీకు లోతుగా తెలుస్తుంది. నగరంలో ఈ కార్లు పెట్రోలు బాగా తాగుతాయన్నది నిజమే. హైవే మీద మాత్రం పరిస్థితి చాలావరకు మారిపోతుంది.

ఒక ఉదాహరణ చూడండి. 2014 నాటి షెవ్రొలే కార్వెట్ స్టింగ్‌రేలో 6.2 లీటర్ల వీ8 ఇంజిన్ ఉంటుంది. దాని శక్తి 455 హార్స్‌పవర్. మాన్యువల్ గేర్లున్న ఆ కారుకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇచ్చిన అంకెలు నగరంలో గ్యాలనుకు 17 మైళ్లు, హైవేపై 29 మైళ్లు. మన లెక్కలో చెప్పాలంటే నగరంలో లీటరుకు సుమారు 7.2 కిలోమీటర్లు, హైవేపై సుమారు 12.3 కిలోమీటర్లు. కారు ఒకటే, ఇంజిన్ ఒకటే. అది తిరిగే పరిస్థితి మారేసరికి ఇంత తేడా వచ్చింది. ఆ పరిస్థితిలో కొంత భాగం రోడ్డు చేతిలో ఉంటే, మిగిలిన భాగం మీ చేతుల్లోనూ మీ కుడి పాదంలోనూ ఉంది.

పెట్రోలు ఎక్కడికి పోతోంది?

మెట్లలోకి వెళ్లే ముందు ఈ చిన్న లెక్కను ఓపికగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే తరువాత చెప్పబోయే సలహాలలో చాలావరకు దీని నుంచే పుట్టుకొస్తాయి. 1500 కిలోల బరువు, 0.30 గాలి నిరోధక గుణకం (కారు ఆకారానికి గాలి ఎంత అడ్డు తగులుతుందో చెప్పే అంకె), ముందు నుంచి చూసినప్పుడు 2 చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న కారును ఊహించుకోండి. అది సమతలమైన రోడ్డుపై గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు గాలి దానిని సుమారు 278 న్యూటన్ల బలంతో వెనక్కి నెడుతుంది; టైర్లు దొర్లడంలో కలిగే నిరోధం మరో 177 న్యూటన్లు ఉంటుంది. ఈ రెంటినీ అధిగమించడానికి చక్రాల దగ్గర కావలసిన శక్తి దాదాపు 17 హార్స్‌పవర్ మాత్రమే. అంటే 450 హార్స్‌పవర్ ఇవ్వగల ఇంజిన్ తన సామర్థ్యంలో ఇరవై ఐదో వంతు కూడా వాడకుండానే కారును నడిపిస్తోందన్నమాట.

వినడానికి ఇది బాగానే ఉన్నా, ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. ఇంత తక్కువ పని చేసేటప్పుడు పెట్రోలు ఇంజిన్‌లో థ్రాటిల్, అంటే లోపలికి వెళ్లే గాలిని నియంత్రించే తలుపు, దాదాపు మూసుకునే ఉంటుంది. ఆ సన్నని సందులోంచి గాలిని లోపలికి లాక్కోవడానికే పిస్టన్లు కొంత శక్తిని వృథా చేయవలసి వస్తుంది. పెద్ద పిస్టన్లు, రింగులు, బేరింగులు రాపిడి వల్ల తినేసే శక్తి దీనికి అదనం. కాబట్టి మీ ముందున్న పని రెండు రకాలు: బయట కారు మీద పడే నిరోధాన్ని తగ్గించడం ఒకటి, లోపల ఇంజిన్ చేసే అనవసరపు చాకిరీని తగ్గించడం రెండోది.

1. ముందుగా ఇప్పటి మైలేజీని కొలవండి

ఏ మార్పూ చేయకముందే ఇప్పుడు మీకు వస్తున్న మైలేజీ ఎంతో కచ్చితంగా తెలుసుకోండి. హైవే ఎక్కేచోటికి దగ్గరలో ఉన్న బంకులో ట్యాంకు నింపించి, పంపు మొదటిసారి తనంతట తాను ఆగిన దగ్గరే ఆపించి, ట్రిప్ మీటరును సున్నాకు తీసుకురండి. కనీసం మూడు వందల కిలోమీటర్లు హైవేపై నడిపిన తరువాత మళ్లీ అదే పద్ధతిలో నింపించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. వీలైతే వెళ్లేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ ఒకే రోడ్డు ఉండేలా చూసుకోండి. అప్పుడు ఎత్తుపల్లాలూ గాలి దిశా చాలావరకు ఒకదానికొకటి సరిపోతాయి.

డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటు అంకె నిన్నటికీ ఇవాళ్టికీ పోలిక చూసుకోవడానికి పనికొస్తుంది. తుది లెక్కకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. ఒకవేళ కంపెనీ ఇచ్చిన చక్రాలకు బదులు వేరే కొలత చక్రాలు వేయించి ఉంటే, మీ ఓడోమీటరు చూపే దూరమే తప్పు కావచ్చు. టైరు వ్యాసం పెరిగితే మీటరు తక్కువ దూరం చూపుతుంది, తగ్గితే ఎక్కువ చూపుతుంది. అలాంటప్పుడు జీపీఎస్‌తో ఒకసారి సరిచూసుకుని ఆ తేడాను లెక్కలో కలుపుకోండి.

2. టైర్లు, చక్రాలు, బ్రేకులు

టైర్లలో గాలిని అవి చల్లగా ఉన్నప్పుడు, అంటే కారు కొన్ని గంటలపాటు కదలకుండా ఉన్నప్పుడు మాత్రమే చూడాలి. డ్రైవరు తలుపు పక్కనున్న స్తంభం మీది చీటీలో ఉన్న అంకెలే మీకు ప్రమాణం. ఇంజిన్ మధ్యలోనో వెనుకో ఉన్న కార్లలో ముందు టైర్లకూ వెనుక టైర్లకూ వేరువేరు పీడనాలు ఉంటాయి. నాలుగింటికీ ఒకే అంకె పెట్టడం కారు నడవడికనే మార్చేస్తుంది గనుక ఆ పొరపాటు చేయవద్దు. వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే పీడనం సుమారు ఒకటిన్నర నుంచి రెండు పీఎస్‌ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) పడిపోతుందని గుర్తుంచుకుని, రుతువు మారినప్పుడల్లా తప్పనిసరిగా చూడండి.

ట్రాక్ మీద కారు నడిపే అలవాటున్నవారు ఈ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ట్రాక్ మీద టైర్లు బాగా వేడెక్కి పీడనం పెరుగుతుంది కాబట్టి ముందుగానే గాలి తగ్గించి మొదలుపెడతారు. తిరుగు ప్రయాణంలో దాన్ని మళ్లీ పెంచడం మరిచిపోతారు. అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ప్రకారం నాలుగు టైర్ల సగటు పీడనం 1 పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. ఆరు పీఎస్‌ఐ తక్కువగా ఉంటే నష్టం ఒక శాతం పైచిలుకే కదా అనిపించవచ్చు. కానీ అంత తక్కువ గాలితో హైవే వేగంలో టైరు లోపల పుట్టే వేడి అసలైన ప్రమాదం. అలాగని మైలేజీ కోసం చీటీలో ఉన్నదానికన్నా బాగా ఎక్కువ గాలి నింపడం కూడా తగదు, ఎందుకంటే టైరు నడిమి భాగమే రోడ్డును తాకుతూ తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

టైరు రకం ప్రభావం గాలి పీడనం కన్నా పెద్దది. ట్రాక్ కోసం చేసిన మెత్తని రబ్బరు టైర్లు పట్టు ఇచ్చినంత ఉదారంగా ఇంధనాన్ని కూడా తీసుకుంటాయి. మీరు ఎక్కువగా హైవే మీదే తిరుగుతుంటే, టైర్లు మార్చే సమయం వచ్చినప్పుడు దొర్లే నిరోధం తక్కువగా ఉన్న రకాన్ని పరిశీలించండి. యూరప్‌లో అమ్మే టైర్ల లేబుల్ మీద దీనిని ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు అక్షరాలతో సూచిస్తారు. అదే లేబుల్ మీద తడి రోడ్డుపై పట్టుకు కూడా ఒక అక్షరం ఉంటుంది. స్పోర్ట్స్ కారు విషయంలో ఆ రెండో అక్షరాన్ని వదులుకుని మొదటిదాన్ని సంపాదించుకోవడం మంచి బేరం కాదని నా గట్టి అభిప్రాయం.

చక్రాల అలైన్‌మెంట్‌ను కూడా ఒకసారి కొలిపించండి. మలుపుల్లో చురుగ్గా తిరగడం కోసం కొందరు ముందు చక్రాలను కొద్దిగా బయటికి తెరుచుకునేలా పెట్టించుకుంటారు. అలా ఉన్న చక్రాలు నేరుగా వెళ్తున్నప్పుడు కూడా రోడ్డు మీద కొద్దికొద్దిగా ఈడ్చుకుంటూ వెళ్తాయి. ఇంధనంతోపాటు టైరు అంచు కూడా అరిగిపోతుంది. చివరగా, బ్రేకులు పెద్దగా వాడకుండా హైవేపై చాలాసేపు నడిపి దిగిన తరువాత ప్రతి చక్రం దగ్గరా అరచేయి పెట్టి, తాకకుండానే వేడిని గమనించండి. ఒక చక్రం మిగిలినవాటికన్నా స్పష్టంగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు క్యాలిపర్ (డిస్కును నొక్కిపట్టే భాగం) పట్టేసి ఉండే అవకాశం ఉంది. దాన్ని బాగు చేయించకుండా మిగిలిన మెట్లు ఎక్కడంలో అర్థం లేదు.

3. గాలికి అడ్డు తగ్గించండి

పై లెక్కలో గాలి నిరోధమే సింహభాగమని చూశాం. ఎత్తు తక్కువగా ఉండటం వల్ల స్పోర్ట్స్ కారుకు ఇక్కడ సహజంగానే కొంత లాభం ఉంది. ఆ లాభాన్ని మనమే పాడుచేసుకోకుండా ఉంటే చాలు. తరువాత కొని బిగించిన పెద్ద వెనుక వింగ్ ఏదైనా ఉంటే, దూర ప్రయాణానికి ముందు దాన్ని విప్పేయండి, లేదా కోణం మార్చే వీలుంటే కంపెనీ అనుమతించిన అతి తక్కువ కోణానికి తెండి. ముందు స్ప్లిటరూ (బంపరు కింద ముందుకు పొడుచుకొచ్చిన పలక) వెనుక వింగూ కలిసి తూకంగా పనిచేసేలా అమర్చి ఉంటే మాత్రం ఒకదాన్ని తీసి మరొకదాన్ని ఉంచవద్దు. వేగంలో కారు వెనుక భాగం తేలిపోయే ప్రమాదం ఉంది. వేగాన్ని బట్టి తనంతట తాను లేచే స్పాయిలర్ ఉన్న కార్లలో దాన్ని బటన్ నొక్కి ఎత్తి ఉంచకుండా ఆటోమేటిక్‌గానే వదిలేయండి.

చాలామంది గమనించని విషయం కారు అడుగు భాగం. ఆధునిక స్పోర్ట్స్ కార్ల కింద గాలి సాఫీగా జారిపోయేలా ప్లాస్టిక్ పలకలు బిగించి ఉంటాయి. సర్వీసు సమయంలో ఆయిల్ మార్చడానికి వాటిని విప్పి, ఒకటి రెండు స్క్రూలు పోయాయనో, పలక పగిలిందనో మళ్లీ బిగించకుండా వదిలేయడం జరుగుతూ ఉంటుంది. ఒకసారి కారును లిఫ్టు మీదికి ఎక్కించినప్పుడు స్వయంగా వంగి చూడండి.

పైకప్పు తెరుచుకునే కారైతే హైవే మీద దాన్ని మూసి ఉంచండి. అద్దాలు దించడం కన్నా ఆ వేగంలో ఏసీ వేసుకోవడమే మంచిది. హైవే వేగంలో తెరిచిన అద్దాల వల్ల గాలి ప్రవాహం చెదిరి నిరోధం పెరుగుతుంది.

బరువు గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. హైవేపై స్థిరమైన వేగంతో వెళ్లేటప్పుడు బరువు ప్రభావం మనం అనుకునేంత ఉండదు. మన ఊహాకారులోంచి 50 కిలోలు తీసేస్తే మొత్తం నిరోధంలో తగ్గేది దాదాపు 1.3 శాతం మాత్రమే. డిక్కీలో ఏళ్ల తరబడి పడి ఉన్న సామాన్లను తప్పకుండా తీసేయండి. కానీ ఆ ఒక్క శాతం కోసం పంక్చర్ సామగ్రినో జాకీనో ఇంట్లో పెట్టి బయలుదేరవద్దు.

4. ఇంధనం, ఆయిల్, ఫిల్టర్లు

కంపెనీ కచ్చితంగా 95 లేదా 98 ఆక్టేన్ (తనంతట తాను అంటుకోకుండా పెట్రోలు ఎంత తట్టుకోగలదో చూపే అంకె) కావాలని చెప్పిన కారులో అంతకన్నా తక్కువ పోయిస్తే, ఇంజిన్ నాకింగ్‌ను, అంటే పెట్రోలు అదుపు తప్పి మండడాన్ని, గుర్తించి స్పార్క్ సమయాన్ని వెనక్కి జరుపుతుంది. దాంతో శక్తీ మైలేజీ రెండూ తగ్గుతాయి. మామూలు పెట్రోలు సరిపోతుందని చెప్పిన కారులో ఖరీదైన పెట్రోలు పోయించడం వల్ల చెప్పుకోదగ్గ లాభం ఉండదు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి, 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో మైలేజీ సుమారు 3 శాతం తగ్గడం సహజం. రెండు ట్యాంకులను పోల్చేటప్పుడు ఈ సంగతి మరిచిపోవద్దు.

ఆయిల్ గ్రేడ్ విషయంలో కంపెనీ చెప్పినదే వాడండి. మరింత చిక్కటి ఆయిల్ వల్ల రాపిడి పెరుగుతుంది, మరీ పలచటిది వాడితే బేరింగుల రక్షణ దెబ్బతింటుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చగానే మైలేజీ పెరుగుతుందన్నది కార్బ్యురేటర్ల కాలం నాటి మాట. ఇప్పటి ఇంజిన్లలో లోపలికి వచ్చే గాలిని కొలిచి దానికి తగినంత ఇంధనమే పోస్తారు కాబట్టి, మురికి పట్టిన ఫిల్టర్ వల్ల పికప్ తగ్గుతుందే తప్ప మైలేజీ పెద్దగా మారదు. ఇంధన పైపుకు అయస్కాంతం తగిలించే పరికరాలనూ, ట్యాంకులో వేసే బిళ్లలనూ నమ్మి డబ్బు వృథా చేసుకోకండి.

5. మోడ్ ఎంచుకోవడం, బయలుదేరడం

హైవే మీద కారును స్పోర్ట్ మోడ్‌లో ఉంచవద్దు. ఆ మోడ్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కింది గేరును పట్టుకుని ఉంటుంది, కొన్ని కార్లలో ఇంధనం ఆదా చేసే ఏర్పాట్లు కూడా పనిచేయవు. పైన చెప్పిన కార్వెట్‌లో తేలికపాటి భారం ఉన్నప్పుడు ఎనిమిదింటిలో నాలుగు సిలిండర్లు విశ్రాంతి తీసుకుంటాయి. మిగిలిన నాలుగూ థ్రాటిల్‌ను మరింత తెరుచుకుని మరింత సమర్థంగా పనిచేస్తాయి. మొదట్లో వివరించిన ఇబ్బందికి ఇంజనీర్లు కనుగొన్న చక్కని పరిష్కారమది.

చల్లని ఇంజిన్‌ను నిలబెట్టి వేడెక్కించడం వల్ల పెట్రోలు కాలుతుంది గాని కారు ఒక్క మీటరు కూడా కదలదు. స్టార్ట్ చేసిన కొద్ది క్షణాలకే నెమ్మదిగా బయలుదేరి, ఆయిల్ ఉష్ణోగ్రత సరైన స్థాయికి చేరేవరకు ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) తక్కువగా ఉంచి నడపండి. కూలెంట్ వేడెక్కిన తరువాత కూడా ఆయిల్ వేడెక్కడానికి మరికొంత సమయం పడుతుంది; ఆయిల్ ఎక్కువగా పట్టే ఇంజిన్లలో ఈ తేడా మరింత ఎక్కువ.

హైవే ఎక్కే దారిలో నత్తనడకన వేగం పెంచడం పొదుపు అనిపించుకోదు. యాక్సిలరేటర్‌ను ధైర్యంగానే, కానీ చివరిదాకా కాకుండా తొక్కి, ఆర్‌పీఎం పెరగకముందే గేరు మార్చుతూ త్వరగా పై గేరుకు చేరుకోండి. పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అనే సమతూకాన్ని వదిలి, సుమారు 12.5 పాళ్ల గాలికే ఒక పాలు పెట్రోలు పోస్తుంది. ఆ అదనపు పెట్రోలు చాలావరకు పొగగొట్టం పాలే. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న కారైతే ఆ ఒత్తిడిని చూపే బూస్ట్ మీటరును గమనిస్తూ, అది బాగా పైకి లేవకుండా వేగం పెంచడం అలవాటు చేసుకోండి.

6. వేగాన్ని నిర్ణయించుకోండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టునే పాటించగలనని మీరంటే, ఈ మెట్టును ఎంచుకోమని చెబుతాను. గాలి నిరోధ బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆ బలాన్ని ఎదిరించడానికి కావలసిన శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. మన ఊహాకారుకు గంటకు 100 కిలోమీటర్ల దగ్గర మొత్తం నిరోధం దాదాపు 455 న్యూటన్లు అనుకున్నాం. వేగం 110కి పెరిగితే అది 513 అవుతుంది, 120కి 577, 130కి 646. అంటే ప్రతి కిలోమీటరుకూ చేయవలసిన పని 100 దగ్గర కన్నా 110 దగ్గర 13 శాతం, 120 దగ్గర 27 శాతం, 130 దగ్గర 42 శాతం ఎక్కువ. భారం పెరిగేకొద్దీ ఇంజిన్ కొంత సమర్థంగా పనిచేస్తుంది కాబట్టి పెట్రోలు ఖర్చు సరిగ్గా ఇదే నిష్పత్తిలో పెరగకపోవచ్చు. అయినా పెరుగుదల మీకు బంకు దగ్గర స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు దీనికి బదులుగా మీకు దక్కే సమయం ఎంతో చూడండి. 300 కిలోమీటర్ల దూరానికి గంటకు 100 వేగంతో 3 గంటలు పడుతుంది. 110 వేగంతో సుమారు 16 నిమిషాలు కలిసివస్తాయి. 130 వేగంతో సుమారు 41 నిమిషాలు. అదీ మొత్తం దూరం ఆ వేగాన్ని నిలబెట్టుకోగలిగితేనే. టోలు గేట్లూ రద్దీ ఉన్న నిజమైన ప్రయాణంలో ఆదా అయ్యే సమయం ఇంకా తక్కువ. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని, వేగ పరిమితికి లోబడి, మీ ప్రయాణానికి ఏది సరైనదో మీరే నిర్ణయించుకోండి. అలాగని చుట్టూ ఉన్న వాహనాలకన్నా మరీ నెమ్మదిగా వెళ్తే వెనుకనుంచి వచ్చేవారికి మీరే అడ్డంకి అవుతారు. ప్రవాహంతో కలిసి, ముందు వాహనానికి తగినంత దూరం పాటిస్తూ, స్థిరంగా వెళ్లడం పొదుపుకూ భద్రతకూ మంచిది.

ఎదురుగాలి వీచే రోజున ఈ లెక్క మారుతుంది. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో మీరు 100 వేగంతో వెళ్తుంటే, గాలి దృష్టిలో మీరు 120 వేగంతో వెళ్తున్నట్టే. అలాంటి రోజున వేగాన్ని పది కిలోమీటర్లు తగ్గించుకోవడం వల్ల కలిగే లాభం మామూలు రోజుకన్నా ఎక్కువ. చల్లని గాలి సాంద్రత ఎక్కువ కాబట్టి, 30 డిగ్రీల దగ్గర కన్నా 0 డిగ్రీల దగ్గర గాలి నిరోధం దాదాపు 11 శాతం పెరుగుతుంది; చలికాలంలో మైలేజీ తగ్గిందని ఇంజిన్‌ను అనుమానించకండి.

7. అన్నిటికన్నా పై గేరు

లోపలి వృథాను తగ్గించే ప్రధాన ఆయుధం గేరు. 2008 నాటి కార్వెట్ ఆరు గేర్ల మాన్యువల్ కారులో నాలుగో గేరు నిష్పత్తి 1.00, ఆరో గేరుది 0.50. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నాలుగో గేరులో ఇంజిన్ నిమిషానికి దాదాపు 2660 చుట్లు తిరిగితే, ఆరో గేరులో సుమారు 1330 చుట్లే తిరుగుతుంది. చక్రాల దగ్గర చేసే పని రెండుసార్లూ ఒకటే. కానీ ఆరో గేరులో పిస్టన్లు సగం సార్లే కదులుతాయి, థ్రాటిల్ మరింత తెరుచుకుంటుంది, రాపిడీ గాలిని లాక్కునే శ్రమా రెండూ తగ్గుతాయి. 2011లో వచ్చిన పోర్షే 911 తరం కారులో ఏడో గేరు కూడా ఇలాంటిదే. ఆ కారు గరిష్ఠ వేగాన్ని అందుకునేది ఆరో గేరులో, ఏడోది హైవేపై నిమ్మళంగా సాగడానికి.

అమెరికాలో అమ్మిన మాన్యువల్ కార్వెట్లలో ఎన్నో ఏళ్లపాటు ఒక విచిత్రమైన ఏర్పాటు ఉండేది: ఇంజిన్ వేడిగా ఉండి, మెల్లగా వేగం పెంచుతున్నప్పుడు, మొదటి గేరు నుంచి రెండోదానికి మార్చబోతే లివరు మిమ్మల్ని నేరుగా నాలుగో గేరుకే పంపించేది. చాలామంది యజమానులు దాన్ని తిట్టుకుని తీసేయించుకున్నారు. టార్క్ పుష్కలంగా ఉన్న ఇంజిన్‌తో గేర్లు దాటవేయడం తప్పు కాదన్న పాఠం మాత్రం అందులో ఉంది. హైవే వేగం అందుకున్నాక మూడు నుంచి నేరుగా ఆరుకు వెళ్లడానికి మీరు సంకోచించనవసరం లేదు.

దీనికి ఒక హద్దు ఉంది. పై గేరులో ఆర్‌పీఎం మరీ తక్కువగా ఉన్నప్పుడు ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ మూలుగుతుంది, కారంతా వణుకుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండరులోకి చల్లే పద్ధతి), టర్బో రెండూ ఉన్న ఇంజిన్లలో ఇలా చేయడం వల్ల పెట్రోలు స్పార్క్ రాకముందే అంటుకుని పిస్టన్‌కే హాని కలగవచ్చు. వణుకు మొదలైన క్షణంలోనే ఒక గేరు దించండి. చిన్న ఇంజిన్, దగ్గరదగ్గర నిష్పత్తుల గేర్లు ఉన్న తేలికపాటి రోడ్‌స్టర్లలో (పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కార్లలో) అన్నిటికన్నా పై గేరులో కూడా ఆర్‌పీఎం ఎక్కువగానే ఉంటుంది. అలాంటి కారు మీదైతే గేరుతో సాధించగలిగేది తక్కువ, వేగం తగ్గించడం ద్వారా సాధించగలిగేది ఎక్కువ.

8. దూరం చూసి నడపండి

మన ఊహాకారు గంటకు 120 కిలోమీటర్ల వేగం నుంచి బ్రేకు వేసి 80కి తగ్గి, మళ్లీ 120కి చేరిందనుకోండి. బ్రేకు డిస్కుల్లో వేడిగా మారిపోయిన శక్తిని తిరిగి సంపాదించడానికి, ఇంజిన్ సామర్థ్యం 25 శాతం అనుకుంటే, దాదాపు 60 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే కారు ఆ పెట్రోలుతో ఏడు వందల మీటర్లు వెళ్లేది. గంటకు పదిసార్లు ఇలా జరిగితే ఏడు కిలోమీటర్ల ఇంధనం బ్రేకుల్లోనే ఆవిరైపోయినట్టు. శక్తిమంతమైన కారులో ఇది మరీ సులభంగా జరుగుతుంది, ఎందుకంటే పోయిన వేగాన్ని తిరిగి తెచ్చుకోవడానికి డ్రైవరుకు శ్రమే అనిపించదు.

అందుకే ముందున్న వాహనాన్ని మాత్రమే కాకుండా దానికి ముందున్న నాలుగైదు వాహనాలను గమనించండి. దూరంలో బ్రేకు దీపాలు వెలిగినా, లారీ మరో లారీని దాటడానికి వరస మారుతున్నా, వెంటనే యాక్సిలరేటర్ మీది పాదం తీసేయండి. గేరులో ఉంచి పాదం తీసినప్పుడు, ఆర్‌పీఎం మరీ పడిపోనంతవరకు, ఇంజెక్టర్లు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. కారు తన ఊపుతోనే ఇంజిన్‌ను తిప్పుతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ తనను తాను తిప్పుకోవడానికి ఇంధనం తాగుతూనే ఉంటుంది, పైగా అవసరమైన క్షణంలో కారు మీ అదుపులో ఉండదు. కొన్ని ఆటోమేటిక్ కార్లు తామే క్లచ్‌ను విడదీసి జారుతూ వెళ్తాయి. ఆ పనిని కంప్యూటరుకే వదిలేయండి, మీ చేత్తో చేయకండి.

పెద్ద లారీ వెనుక అంటిపెట్టుకుని వెళ్తే గాలి నిరోధం తగ్గుతుందన్నది వాస్తవమే. అయినా ఆ పని ఎప్పుడూ చేయవద్దు. లారీ వెనుక మీకు రోడ్డు కనిపించదు, దాని చక్రాల కింది రాయి నేరుగా మీ అద్దానికి తగులుతుంది, తక్కువ ఎత్తున్న మీ కారు లారీ కిందికి దూసుకుపోయే ప్రమాదమూ ఉంది.

సమతలమైన రోడ్డు మీద క్రూయిజ్ కంట్రోల్ బాగా పనిచేస్తుంది. ఎత్తుపల్లాలున్న చోట దాన్ని తీసేసి మీరే నడపండి: ఎత్తు ఎక్కేటప్పుడు వేగం అయిదారు కిలోమీటర్లు తగ్గినా పట్టించుకోకుండా పాదాన్ని ఒకేలా ఉంచి, శిఖరం దాటిన తరువాత వాలులో ఆ వేగాన్ని ఉచితంగా తిరిగి పొందండి. వాహనాన్ని దాటవలసి వచ్చినప్పుడు మాత్రం పొదుపు గురించి ఆలోచించకండి. గేరు దించి, చురుగ్గా దాటి, సురక్షితంగా మీ వరసలోకి వచ్చాక బ్రేకు తొక్కకుండా పాదం తీసి వేగాన్ని తనంతట తాను తగ్గనివ్వండి. 100 నుంచి 130కి పెరగడానికి కావలసిన పెట్రోలు 50 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో కొంత భాగం ఇలా మీకు తిరిగి వస్తుంది కూడా.

9. మళ్లీ కొలవండి

మొదటి మెట్టులో రాసుకున్న అంకెతో పోల్చడానికి అదే రోడ్డు మీద, అదే పద్ధతిలో మళ్లీ కొలవండి. అన్ని మార్పులూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి ఒక్కొక్క మార్పుకు కనీసం రెండు ట్యాంకులు కేటాయించండి. టైర్ల గాలి, అలైన్‌మెంట్ వంటివి ముందు సరిచేసి, తరువాత వేగాన్ని పది కిలోమీటర్లు తగ్గించి చూడండి, ఆపైన గేరు, పాదం అలవాట్ల మీద పనిచేయండి. ప్రతి ట్యాంకు పక్కనా తేదీ, దూరం, లీటర్లు, సగటు వేగం, ఆనాటి ఉష్ణోగ్రత, గాలి ఎటునుంచి వీచింది, ఏసీ నడిచిందా లేదా అన్నవి రాసిపెట్టుకోండి. ఒక ట్యాంకులో అంకె అకస్మాత్తుగా పడిపోయినప్పుడు కారణం వాతావరణమా, మీరు నడిపిన తీరా, పట్టేసిన బ్రేకా అన్నది ఆ పుటే మీకు చూపిస్తుంది.